తెరమీది కొత్త డిటెక్టివ్: టెలివిజన్ నేర కథలను చరిత్ర విద్యార్థి ఎలా చూడాలి?

శాసనాలు, నాణేలు, రెవెన్యూ రికార్డులు, వార్తాపత్రికలు చరిత్ర రచనకు ఆధారాలని మీరు ముందటి పాఠాల్లో చదివారు. ఈ పాఠంలో వాటికి దూరపు చుట్టమైన మరో ఆధారాన్ని పరిశీలిద్దాం. అది టెలివిజన్ సీరియల్. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో పోలీసు వ్యవస్థ గురించి సామాన్యులు ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే కోర్టు తీర్పులకంటే, కమిషన్ల నివేదికలకంటే ఈ సీరియళ్లే ఎక్కువ చెబుతాయి. ఆ వ్యవస్థ నిజంగా ఎలా పనిచేసిందో కూడా చెబుతాయా అన్నది వేరే ప్రశ్న. మన సౌకర్యం కోసం ఆ ప్రశ్నను ఒక్క పాత్రకు పరిమితం చేసుకుందాం. నేర పరిశోధన విభాగంలో కొత్తగా అడుగుపెట్టిన డిటెక్టివ్ పాత్ర అది. అమెరికాలో ఇటువంటివాణ్ని 'రూకీ' అంటారు.

ఈ పాత్రనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆరితేరిన డిటెక్టివ్ గురించి రచయిత ఏం రాసినా చెల్లిపోతుంది. అతనికి అన్నీ తెలుసు కాబట్టి ఎలా తెలిశాయని మనం అడగం. కొత్తవాడి సంగతి అలా కాదు. అతడు పని నేర్చుకోవాలి. పని నేర్చుకోవడం చూపించాలంటే రచయితకు ఆ పని తెలిసి ఉండాలి. అందుచేత రచయిత ఎవరి పక్కన కూర్చుని పోలీసులను చూశాడో కొత్త డిటెక్టివ్ పాత్రలో ఇట్టే బయటపడుతుంది. ఈ పాఠం పొడవునా మీరు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇదే.

ప్రేక్షకుడి తరఫున అడిగేవాడు

సీరియల్‌లో కొత్తవాడి మొదటి పని దొంగను పట్టుకోవడం కాదు, మన తరఫున ప్రశ్నలు అడగడం. శవపరీక్ష గదిలో ఏం జరుగుతుంది, సాక్ష్యాన్ని సంచిలో ఎలా భద్రపరుస్తారు, పై అధికారిని ఏమని పిలవాలి వంటివి అతడు అడిగితేనే మనకు తెలుస్తాయి. 2000 అక్టోబరులో అమెరికాలో ప్రసారమైన 'సి.ఎస్.ఐ.' మొదటి భాగంలో హోలీ గ్రిబ్స్ అనే కొత్త ఉద్యోగిని ఇందుకే వస్తుంది. ఆమెతోపాటు మనం కార్యాలయమంతా తిరిగి చూస్తాం. తిరగడం అయిపోగానే ఒక నేరస్థలంలో ఆమెపై కాల్పులు జరుగుతాయి, రెండో భాగానికల్లా చనిపోతుంది. పాత్రతో పని తీరిపోయిందన్నమాట!

బ్రిటన్‌లో 1983 ఆగస్టులో ఐ.టి.వి. ప్రసారం చేసిన 'వుడెన్‌టాప్' నాటిక కొంత నిదానంగా నడుస్తుంది. మఫ్టీలో తిరిగే డిటెక్టివ్‌లు యూనిఫాం కానిస్టేబుళ్లను వెటకారంగా పిలిచే పేరే ఆ నాటికకు పెట్టారు. జిమ్ కార్వర్ అనే కుర్ర కానిస్టేబుల్ లండన్‌లోని సన్ హిల్ అనే కల్పిత ఠాణాలో విధుల్లో చేరిన మొదటి రోజే ఆ కథ. దాని నుంచి 1984 అక్టోబరులో 'ది బిల్' అనే సీరియల్ పుట్టి 2010 దాకా సాగింది. కార్వర్ ఆ తర్వాత డిటెక్టివ్ విభాగానికి మారతాడు.

యూనిఫాం నుంచి మఫ్టీకి మారిన ఈ క్రమం వాస్తవానికి దగ్గరగా ఉంది. చాలా సీరియళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. తెరమీది కొత్త డిటెక్టివ్ కళాశాల నుంచి నేరుగా వచ్చినట్లు కనిపిస్తాడు. అమెరికాలోగానీ, బ్రిటన్‌లోగానీ ఆ కాలంలో అలా జరిగేది కాదు. ముందు యూనిఫాం వేసుకుని వీధుల్లో గస్తీ తిరగాలి. తర్వాతే పరిశోధన విభాగం. న్యూయార్క్‌లో దర్యాప్తు విధుల్లో 18 నెలలు పనిచేసినవారికి డిటెక్టివ్ హోదా ఇస్తారు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు బయటివారిని నేరుగా డిటెక్టివ్ ఉద్యోగాల్లోకి తీసుకునే పద్ధతిని 2017లో మాత్రమే మొదలుపెట్టారు. కాబట్టి కొత్త డిటెక్టివ్ అంటే కొత్త పోలీసు కాదు. దెబ్బలాటలు, తాగుబోతులు, రోడ్డు ప్రమాదాలు చూసి చూసి వచ్చినవాడు. అతనికి శవం కొత్త కాదు, శవం వెనకుండే కాగితాలు కొత్త.

పోలీసు శాఖ పక్కన కూర్చున్న రచయిత

అమెరికన్ టెలివిజన్‌లో పోలీసు సీరియల్‌కు ఒక రూపాన్ని ఇచ్చినది 'డ్రాగ్‌నెట్'. జాక్ వెబ్ దీన్ని 1949లో రేడియోలో ప్రారంభించి 1951 చివర్లో టెలివిజన్‌కు తెచ్చాడు. లాస్ ఏంజెలస్ పోలీసు శాఖ దస్త్రాల్లోని కేసులే కథలు. 1950 నుంచి 1966 దాకా ఆ శాఖకు అధిపతిగా ఉన్న విలియం పార్కర్‌కు పోలీసుల ప్రతిష్ఠ పెంచడం మీద గట్టి పట్టుదల. శాఖ వెబ్‌కు అన్ని విధాలా సహకరించింది, స్క్రిప్టులు చూసి సరిచేసింది. ఫలితంగా సార్జెంట్ జో ఫ్రైడే మాటతీరు, ఫారాలు నింపడం, గదుల అమరిక, ఎవరు ఎవరికి రిపోర్టు చేస్తారన్న వివరం నమ్మదగినట్లుగా కుదిరాయి. అంతకుముందు తెరమీద పోలీసులు ఇంత నీరసంగా, ఇంత నిజంగా కనిపించలేదని చెప్పవచ్చు. నీరసం అన్నది ఇక్కడ ప్రశంసే.

అదే వెబ్ 1968లో 'ఆడమ్-12' అనే మరో సీరియల్‌కు రూపకల్పన చేశాడు. అందులో జిమ్ రీడ్ ప్రొబేషన్‌లో ఉన్న కొత్త పోలీసు, పీట్ మలోయ్ అతనికి పని నేర్పే అనుభవజ్ఞుడు. ఇద్దరూ గస్తీ కారులో తిరుగుతారు. రీడ్ డిటెక్టివ్ కాకపోయినా, తర్వాత వచ్చిన గురుశిష్యుల జంటలన్నిటికీ ఇది ఒక మూసగా నిలిచింది. రీడ్ పొరపాట్లు చేస్తాడు. అవి ఎటువంటివో చూడండి. తొందరపడతాడు, చెప్పిన మాట వినకుండా ప్రమాదంలోకి దూరతాడు. అన్నీ ఉత్సాహం ఎక్కువై చేసే పొరపాట్లే. ఒక అమాయకుణ్ని దోషి అనుకోవడం, సాక్షిని బెదిరించడం, కేసును పాడుచేయడం వంటివి అతని ఖాతాలో పడవు.

ఈ రెండు సీరియళ్ల మధ్యకాలంలో, 1965 ఆగస్టులో, అదే లాస్ ఏంజెలస్‌లోని వాట్స్ ప్రాంతంలో ఆరు రోజులు అల్లర్లు జరిగి 34 మంది చనిపోయారు. ఒక నల్లజాతి యువకుడి కారును పోలీసులు ఆపడంతో రాజుకున్న గొడవ అది. పోలీసుల ప్రవర్తనపై అక్కడి నల్లజాతివారు ఎంతోకాలంగా ఫిర్యాదు చేస్తూ వచ్చారు. జో ఫ్రైడే నడిచిన వీధుల్లో ఆ ఫిర్యాదులు మనకు వినపడవు. ఫారం నంబరు సరిగ్గా ఉండి, ఊరు సరిగ్గా లేకపోతే దాన్ని వాస్తవికత అనవచ్చా? ఈ ప్రశ్నను మీరు తరగతిలో చర్చించండి. నా మటుకు నాకు దాన్ని సగం వాస్తవికత అనాలనిపిస్తుంది.

బాల్టిమోర్‌లో ఒక సంవత్సరం

ఇప్పుడు మన పాఠానికి ప్రధానమైన ఉదాహరణకు వద్దాం. డేవిడ్ సైమన్ అమెరికా తూర్పు తీరంలోని బాల్టిమోర్ నగరంలో 'బాల్టిమోర్ సన్' పత్రికలో నేర వార్తల విలేకరి. 1988లో పత్రికకు సెలవు పెట్టి, పోలీసు శాఖ అనుమతితో, ఆ నగర హత్యల విభాగంలో ఏడాది పొడవునా డిటెక్టివ్‌ల వెంట తిరిగాడు. ఆ సంవత్సరం బాల్టిమోర్‌లో 234 హత్యలు జరిగాయి. తాను చూసినదాన్ని 1991లో పుస్తకంగా ప్రచురించాడు. ఆ పుస్తకం ఆధారంగా పాల్ అటానాసియో రూపకల్పన చేసిన 'హోమిసైడ్: లైఫ్ ఆన్ ది స్ట్రీట్' సీరియల్ 1993 జనవరి 31న ఎన్.బి.సి.లో మొదలై 1999 దాకా ఏడు సీజన్లు నడిచింది. బారీ లెవిన్సన్, టామ్ ఫాంటానా నిర్మాణ బాధ్యతలు చూశారు. చిత్రీకరణ కూడా బాల్టిమోర్‌లోనే జరిగింది.

పుస్తకానికి వెన్నెముక లాంటి కేసు ఒకటుంది. 1988 ఫిబ్రవరిలో పదకొండేళ్ల బాలిక హత్యకు గురైంది. ఆ కేసు విభాగంలో దాదాపు కొత్తవాడైన ఒక డిటెక్టివ్‌కు వచ్చింది. సీరియల్‌లో ఈ కేసు అడీనా వాట్సన్ అనే బాలిక హత్యగానూ, ఆ డిటెక్టివ్ టిమ్ బేలిస్‌గానూ మారారు. బేలిస్ మేయర్ రక్షణ బృందం నుంచి బదిలీ అయి, తన సామాను అట్టపెట్టెలో పట్టుకుని మొదటి భాగంలో ఆఫీసులోకి వస్తాడు. ఆ భాగం ముగిసేసరికి వానలో తడుస్తున్న ఒక చిన్నపిల్ల శవం ముందు నిలబడి ఉంటాడు.

అంత పెద్ద కేసు కొత్తవాడికి ఎందుకు ఇచ్చారు? సాధారణ సీరియల్ అయితే అతని ప్రతిభను గుర్తించిన పై అధికారి ఒకడుంటాడు. ఇక్కడ అదేమీ లేదు. ఆ విభాగంలో ఫోను ఎత్తినవాడిదే కేసు. ప్రధాన బాధ్యత అతనిది, రెండోవాడు సాయం చేస్తాడు. ఇంత మామూలు నియమం మీద ఒక మనిషి ఉద్యోగ జీవితం, ఒక కుటుంబానికి దొరకాల్సిన న్యాయం ఆధారపడి ఉండటాన్ని రచయితలు దాచలేదు. ఈ ఒక్క వివరం చాలు, వారు లోపల కూర్చుని చూసినవారని చెప్పడానికి.

రెండో వివరం గోడమీది బోర్డు. ప్రతి హతుడి పేరూ దర్యాప్తు చేసే డిటెక్టివ్ పేరు కింద ఉంటుంది. కేసు తేలకపోతే ఎర్ర సిరాలో, తేలితే నల్ల సిరాలో. బోర్డు చూడగానే ఎవరు ఎంత వెనకబడ్డారో గదిలో అందరికీ తెలిసిపోతుంది. 'తేలడం' అన్న మాటను మీరు జాగ్రత్తగా చదవాలి. అమెరికా పోలీసు లెక్కల్లో ఒక వ్యక్తిని అరెస్టు చేసి, అభియోగం మోపి, కోర్టుకు అప్పగిస్తే కేసు తేలినట్లే. తర్వాత ఆ వ్యక్తికి శిక్ష పడిందా, నిర్దోషిగా బయటికొచ్చాడా అన్నది ఆ లెక్కలోకి రాదు. కొత్త డిటెక్టివ్ మీద ఉండే ఒత్తిడి స్వభావం దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. నిజాన్ని కనుక్కోమని అతనికి ఎవరూ చెప్పకుండా ఉండరు, కానీ బోర్డు అడిగేది నల్ల సిరాను.

మూడోది అందరికంటే మన విద్యార్థులకే బాగా అర్థమయ్యే విషయం. ఇటువంటి సంచలన కేసుకు మొదట్లో కావలసినంత మందిని ఇస్తారు. పత్రికలు మరో వార్త వెతుక్కోగానే ఆ మంది ఒక్కొక్కరే తగ్గిపోతారు. చివరికి కట్టలకొద్దీ కాగితాలతో కొత్తవాడు ఒక్కడే మిగులుతాడు. చేసిన పనినే మళ్లీ చేస్తాడు, చదివిన వాంగ్మూలాన్నే మళ్లీ చదువుతాడు. బేలిస్ కూడా అంతే. ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేస్తూ చదువుకుంటున్న మీలో చాలామందికి ఇది సినిమా కథలా అనిపించదు.

విచారణ గది

1993లో ప్రసారమైన 'త్రీ మెన్ అండ్ అడీనా' అనే భాగం ఈ సీరియల్ మొత్తానికే తలమానికం. టామ్ ఫాంటానా రాసిన ఈ భాగానికి రచనలో ఎమ్మీ పురస్కారం వచ్చింది. దాదాపు కథంతా ఒక్క గదిలో జరుగుతుంది. గుర్రపు బండి మీద పండ్లు అమ్ముకునే ముసలాయన రిస్లీ టక్కర్ మీద అనుమానం. ఎదురుగా బేలిస్, అతని సహచరుడు ఫ్రాంక్ పెంబుల్టన్. పెంబుల్టన్ విచారణలో అందెవేసిన చేయి. వారికి ఉన్నది 12 గంటలు. బుజ్జగిస్తారు, బెదిరిస్తారు, లేని రుజువులు ఉన్నట్లు నటిస్తారు. చివరికి ముసలాయన ఒప్పుకోడు. మొదట్నుంచీ ఇతడే హంతకుడని నమ్మిన బేలిస్‌కు ఆ గదిలోంచి బయటికొచ్చేసరికి సందేహం మొదలవుతుంది. అప్పటిదాకా సందేహిస్తూ వచ్చిన పెంబుల్టన్‌కు నమ్మకం కుదురుతుంది. కేసు తేలదు. 1988 నాటి అసలు కేసులోనూ అనుమానితుడు ఒప్పుకోలేదు, కేసు తేలలేదు.

ఇందులో వాస్తవం ఎంత? లేని రుజువులు ఉన్నట్లు చెప్పడం రచయిత కల్పన కాదు. అనుమానితుడితో పోలీసు అబద్ధం చెప్పినంతమాత్రాన ఒప్పుకోలు చెల్లకుండా పోదని అమెరికా సుప్రీంకోర్టు 1969లో ఫ్రేజియర్ వర్సెస్ కప్ కేసులో తీర్పు చెప్పింది. మౌనంగా ఉండే హక్కు, న్యాయవాదిని పిలిపించుకునే హక్కు ఉన్నాయని ముందుగా చెప్పాలన్న నియమం 1966 నాటి మిరాండా తీర్పుతో వచ్చింది. ఈ హెచ్చరిక టెలివిజన్‌లో ఎన్నిసార్లు వినిపించిందంటే, 2000లో మిరాండా తీర్పును సమర్థిస్తూ సుప్రీంకోర్టే ఇది జాతీయ సంస్కృతిలో భాగమైపోయిందని వ్యాఖ్యానించింది. సీరియల్ సమాజానికి అద్దం పట్టడమే కాక సమాజానికి పాఠం కూడా చెప్పిన అరుదైన సందర్భం ఇది.

అయితే ఆ గదిలో ఏ ప్రమాదం ఉందో చాలా సీరియళ్లు చెప్పవు. 1989లో, అంటే సైమన్ తన పుస్తకం రాస్తున్న రోజుల్లోనే, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక మహిళపై జరిగిన దాడి కేసులో ఐదుగురు నల్లజాతి, లాటినో కుర్రాళ్లు శిక్ష అనుభవించారు. గంటల తరబడి సాగిన విచారణలో వారిలో నలుగురు కెమెరా ముందు నేరం ఒప్పుకున్నారు. 2002లో మరో వ్యక్తి అది తన పనేనని చెప్పాడు, డి.ఎన్.ఎ. పరీక్ష అతనితో సరిపోయింది, ఐదుగురి శిక్షలూ రద్దయ్యాయి. అప్పటికి వారి యవ్వనం జైల్లో గడిచిపోయింది. నేరం చేయనివాడు చేశానని ఎందుకు చెబుతాడని అడిగే విద్యార్థులు ప్రతి ఏటా ఉంటారు. నిద్ర లేని పదహారేళ్ల కుర్రాడికి ఇంటికి వెళ్లిపోవడం ఒక్కటే కావలసి వస్తుంది. ఒప్పుకుంటే పంపించేస్తారనుకుంటాడు.

ఈ చరిత్ర తెలిసినవారికి బేలిస్ సందేహం విలువ అర్థమవుతుంది. మామూలు సీరియల్‌లో కొత్త డిటెక్టివ్‌కు ఒక 'అంతరంగ ప్రబోధం' కలుగుతుంది, అదే నిజమవుతుంది. ఇక్కడ అతని నమ్మకమే ప్రమాదకరమైన వస్తువు. దాన్ని వదులుకోవడమే అతడు ఆ ఏడాది నేర్చుకున్న పని. నా దృష్టిలో టెలివిజన్‌లో కొత్త డిటెక్టివ్ గురించి ఇంతకంటే నిజాయితీగా చెప్పిన గంట మరొకటి లేదు.

బ్రిటన్ ఇదే సమస్యను మరో దారిలో ఎదుర్కొంది. 1972లో లండన్‌లో జరిగిన కాన్‌ఫెయిట్ హత్య కేసులో ముగ్గురు కుర్రాళ్ల ఒప్పుకోళ్లు నమ్మదగినవి కావని తర్వాత తేలింది. ఆ కేసు రేపిన చర్చ ఒక రాయల్ కమిషన్‌కు, చివరికి 1984 నాటి పోలీసు, నేర సాక్ష్య చట్టానికి దారితీసింది. ఆ చట్టం ఆమోదం పొందినది 1984 అక్టోబరులోనే, అంటే 'ది బిల్' మొదలైన నెలలోనే. విచారణను టేపు మీద రికార్డు చేయడం, న్యాయవాది పక్కనే కూర్చోవడం క్రమంగా ఠాణాల్లో అలవాటుగా మారాయి. బ్రిటిష్ సీరియళ్లలో బల్లమీద టేప్ రికార్డర్ కనిపించడం వెనక ఇంత కథ ఉంది.

'హోమిసైడ్' కూడా చేయని సర్దుబాట్లు లేవనుకోకండి. నెలల పని వారాలకు కుదించారు. అసలు విభాగంలోని పలువురి లక్షణాలను కలిపి ఒక్కో పాత్ర చేశారు. అసలు డిటెక్టివ్‌లు పెంబుల్టన్ అంత చక్కగా మాట్లాడేవారని పుస్తకం చదివితే అనిపించదు. పైగా సైమన్ ఏడాదంతా కూర్చున్నది డిటెక్టివ్‌ల కుర్చీల మధ్య. హతుల ఇళ్లలో, అనుమానితుల వీధుల్లో కాదు. ఆ లోటు ఆయనకే తెలిసినట్లుంది. తర్వాత ఎడ్ బర్న్స్ అనే మాజీ డిటెక్టివ్‌తో కలిసి అదే నగరంలోని ఒక మాదకద్రవ్యాల వీధికూడలి మీద మరో పుస్తకం రాశాడు.

మన దేశానికి వస్తే

మన దూరవిద్య తరగతుల్లో కానిస్టేబుళ్లు, హోంగార్డులు, ఎస్.ఐ. పరీక్షకు సిద్ధమవుతున్నవారు కూడా ఉంటారు. వారికోసం ఒక మాట. భారత పోలీసు వ్యవస్థలో డిటెక్టివ్ అనే ర్యాంకు లేదు. ఠాణాలో ఎస్.ఐ., ఇన్‌స్పెక్టర్లే దర్యాప్తు అధికారులు. మన రాష్ట్రాల్లో హత్య కేసులను సాధారణంగా ఇన్‌స్పెక్టరే చూస్తాడు. కొత్త ఎస్.ఐ. ఆయన పక్కన నిలబడి శవ పంచనామా రాయించడం, సాక్షులను పిలిపించడం నేర్చుకుంటాడు. నిజానికి అతనికి సగం పని నేర్పేది స్టేషన్ రైటర్. ఈ రైటర్‌ను కథానాయకుణ్ని చేసిన సీరియల్ నేనింతవరకు చూడలేదు.

అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. పోలీసు అధికారి ముందు నిందితుడు చేసిన ఒప్పుకోలు మన దేశంలో అతనికి వ్యతిరేకంగా రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఆ మాట చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, దానికి సంబంధించినంత మేరకు మాత్రమే మినహాయింపు. కాబట్టి అమెరికన్ సీరియల్‌లో కథ ముగిసేచోట మన కేసు ఇంకా మొదలైనట్లే. విచారణ గదిలో నేరస్థుడు భోరున ఏడ్చి ఒప్పుకోగానే కేసు అయిపోయినట్లు చూపే మన నాటికలు చట్టాన్ని పరదేశం నుంచి అరువు తెచ్చుకున్నాయి.

ఇటీవలి వాటిలో 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ఢిల్లీ క్రైమ్' గమనించదగినది. రిచీ మెహతా తీసిన ఈ సీరియల్ 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘటన ఆధారంగా తయారై, 2020లో అంతర్జాతీయ ఎమ్మీ పొందింది. ఇందులో నీతీ సింగ్ శిక్షణలో ఉన్న ఐ.పి.ఎస్. అధికారి. అటువంటి ప్రొబేషనర్లు నిజ జీవితంలో మన హైదరాబాదులోని సర్దార్ వల్లభభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో చదువుకునే వెళ్తారు. మౌంట్ అబూలో పుట్టిన ఆ సంస్థ 1975లో ఇక్కడికి తరలివచ్చింది. నీతీకి పెద్ద వేట ఏమీ అప్పగించరు. ఆసుపత్రిలో బాధితురాలి దగ్గర, ఆమె కుటుంబం దగ్గర ఉండమంటారు. కొత్త అధికారికి అటువంటి పని పడటం నమ్మదగినదే. వినడం, కూర్చోవడం, చేతకానితనాన్ని మింగుకోవడం ఆమె పాత్రలో బాగా వచ్చాయి. అయితే ఇది దర్యాప్తు చేసిన అధికారుల కళ్లతో చూసిన కథ. ఆ రోజుల్లో ఇండియా గేట్ దగ్గర నిలబడిన యువత ఇందులో ఎక్కువగా ఒక అడ్డంకిలాగే కనిపిస్తుంది. వారి వైపు నుంచి చూస్తే నీతీ సింగ్ కూడా లాఠీలు పట్టుకున్నవారి వరుసలోని మనిషే.